అసలు – కొసరు

మన అంగళ్లలో కొసరు అను మాట ఎఱుగనివారు లేరు. వంకాయలు తూచి సంచిలో వేసిన పిమ్మట కొన్నవాడు ఇంకొక కాయకై చేయి చాచును. అమ్మెడి ఆమె కొంత విసుగుకొని, కొంత నవ్వి, ఒక చిన్న కాయను పైన వేయును. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అని దురాశను పరిహసించు సామెత కూడ ఉన్నది. కొసరు పెద్దదైనను చిన్నదైనను దానికొక మంచి గుణము కలదు. అది బేరము ముగియునప్పుడే చేతికి వచ్చును. "ఇప్పుడు నాలుగు కాయలకు డబ్బిమ్ము; నాలుగవ కాయ వెల కావలెనన్న నాకు ఉత్తరము వ్రాసి రెండు నెలలు కాచుకొనుము" అని చెప్పిన కూరలమ్మి ఇంతవరకు మన దేశమున పుట్టినట్లు కానరాదు.

రిబేటు అను ఆంగ్ల పదము మన ఇండ్లలో వినబడుటకు ఖాదీ భాండారములును, చేనేత సహకార సంఘముల దుకాణములును ముఖ్య కారణములు. గాంధీ జయంతి వచ్చినదనగానే ఆ దుకాణముల ముంగిట గుడ్డపై ఆ మాటను పెద్ద అక్షరములతో వ్రాసి కట్టుట పరిపాటి. అక్కడ రిబేటు బిల్లులోనే తీసివేయబడును. కొన్నవాడు తక్కువ పైకము చెల్లించి చీరయో దుప్పటియో చంకను పెట్టుకొని ఇంటికి పోవును. ఆ తగ్గిన మొత్తమును ప్రభుత్వము నుండి రాబట్టుకొనుట సంఘమువారి పని గాని కొన్నవాని పని కాదు. ఈ సంగతిని మనస్సునందుంచుకొని, ఇదే పేరుతో అమెరికా దేశమున కంప్యూటరు సామగ్రి అమ్మకములో నడచిన వేఱొక పద్ధతిని చూడుడు.

1990 దశకపు చివరి సంవత్సరములలో ఆ దేశమున అంతర్జాలము ద్వారా కంప్యూటర్లను, వాని భాగములను అమ్ము దుకాణములు విరివిగా వెలసినవి. హార్డ్ డిస్కులు, మెమొరీ పలకలు, మోడెములు, ప్రింటర్లు, ఖాళీ సీడీల కట్టలు – వీని ధరలు తెరపై అతి స్వల్పముగా కనబడుచుండెడివి. కొన్నింటి ప్రక్కన "రిబేటు పోగా ఉచితము" అని కూడ ఉండెడిది. అయితే కొనువాడు మొదట పూర్తి ధర చెల్లింపవలెను. పెక్కు రాష్ట్రములలో అమ్మకపు పన్ను కూడ ఆ పూర్తి ధర మీదనే పడుచుండెను. ఉచితమని చెప్పిన వస్తువునకు పన్ను, తపాలా బిళ్ల ఖర్చు తప్పవన్నమాట.

ఆ పిమ్మట అసలు శ్రమ ఆరంభమగుచుండెను. వస్తువు వచ్చిన అట్టపెట్టె మీద నల్లని చారల బార్‌కోడ్ ముక్కను బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీయవలెను. దానికి బిల్లును, నిర్ణీతమైన అర్జీని జతపఱచి, గడువులోపల తపాలాలో వేయవలెను. బార్‌కోడ్ అసలుదే ఉండవలెను గాని నకలు పనికిరాదు. పెట్టెను కోసిన తరువాత వస్తువు చెడినదని తెలిసినచో చాల దుకాణములు దానిని తిరిగి తీసికొనవు. తీసికొనునేమో యని పెట్టెను కోయక కాచుకొన్నచో అర్జీ గడువు దాటిపోవును! అర్జీ పంపిన పిదప ఎనిమిది పది వారములు నిరీక్షింపవలెను. ఒక అక్షరము తప్పినను, ఒక కాగితము కొఱవడినను అర్జీ త్రోసివేయబడును. అన్నియు సరిగా నడచినచో తుదకు చెక్కు వచ్చును. అది తఱచు ప్రకటన కాగితమును బోలిన పలుచని కార్డుగా ఉండుటచే, చూడక చెత్తబుట్టలో వేసినవారును కలరు.

వర్తకులు ఈ చిక్కు త్రోవను ఏల ఎన్నుకొనిరి? వారు చెప్పు కారణము ఒకటున్నది. దానిని వినుట న్యాయము. వస్తువును తయారుచేయు కంపెనీ తన ధరను తగ్గించినచో నడుమనున్న దుకాణదారుడు ఆ తగ్గింపును తానే మ్రింగివేయవచ్చును. రిబేటును నేరుగా కొన్నవానికే పంపినచో అట్లు జరుగదు. ఇది అబద్ధము కాదు. కాని ఆ వ్యాపారములో బ్రేకేజి అని మఱియొక మాట వాడుకలో ఉన్నది. త్రోవలో పగిలిపోయిన కుండలవలె, వాగ్దానము చేసియు చెల్లింపనక్కఱలేకుండ పోయిన రిబేట్లకు ఆ పేరు. కొందఱు అర్జీ పంపుట మఱతురనియు, కొందఱు గడువు దాటింతురనియు, కొందఱు చెక్కును పోగొట్టుకొందురనియు కంపెనీలు ముందుగానే అంచనా వేసికొని ధరలు కట్టెడివి. మఱపును ఆదాయపు పద్దులో వ్రాసికొన్న వర్తకునకు, కొన్నవాడు జ్ఞాపకముంచుకొనుట నష్టము గదా! అట్టివాడు అర్జీని సులభము చేయునని ఎట్లు నమ్మగలము?

1999వ సంవత్సర ప్రాంతమున కంప్యూటరునే ఉచితముగా గాని, నామమాత్రపు ధరకు గాని ఇత్తుమను ప్రకటనలు బయలుదేరినవి. కొన్నవానికి 400 డాలర్ల రిబేటు లభించును. అయితే మూడు సంవత్సరములపాటు ఒక కంపెనీ అంతర్జాల సేవకు చందా కట్టుదునని అతడు ఒప్పుకొనవలెను. చందా నెలకు సుమారు 22 డాలర్లు. 36 నెలలకు గుణించి చూడుడు. దాదాపు 790 డాలర్లు తేలును. కొందఱికి ఆ సేవ ఎట్లును కావలసియుండెను; వారికి నష్టము లేకపోవచ్చును. కాని ధరను పెద్ద అక్షరములలోను, చందాను చిన్న అక్షరములలోను వ్రాయుట వంచన యని ఫెడరల్ ట్రేడ్ కమిషను అను ప్రభుత్వ సంస్థ ఆక్షేపించెను. 2000వ సంవత్సరమున వాల్యూ అమెరికా, ఆఫీస్ డిపో, బై.కామ్ అను మూడు సంస్థలు ఇక మీదట అట్లు చేయమని ఆ కమిషనుతో ఒడంబడిక చేసికొనవలసి వచ్చినది.

2005వ సంవత్సరమునాటి వ్యవహారము ఇంతకన్న ఆలోచింపదగినది. కంప్ యూఎస్ఏ అను గొప్ప దుకాణముల సంస్థ క్యూపీఎస్ అను కంపెనీ సామగ్రిని రిబేటు ప్రకటనలతో అమ్మెను. రిబేటు ఈయవలసినది క్యూపీఎస్. అది ఆలస్యము చేసి, తుదకు దివాలా తీసెను. ఆ కంపెనీ సకాలమున చెల్లించుట లేదని తెలిసియు దుకాణము ఆ ప్రకటనలను కొనసాగించినదని కమిషను నేరము మోపెను. కొన్నవారికి రావలసిన సొమ్మును దుకాణమే చెల్లించునట్లు ఏర్పాటు జరిగినది. ఓడ దాటు దాక ఓడమల్లన్న, దాటిన పిదప బోడిమల్లన్న అన్న మన సామెతకు ఇంతకన్న తగిన ఉదాహరణము దొరకదు.

ఆ కాలముననే ఉన్నత విద్యకై మన తెలుగు విద్యార్థులు పెక్కుమంది అమెరికా చేరుచుండిరి. పరిమితమైన పైకముతో నలుగురైదుగురు ఒక వాటాలో కాపురముండి చదువుకొను వారికి చవుకగా వచ్చు హార్డ్ డిస్కు చిన్న సంగతి కాదు. ముందు వచ్చినవారు వెనుక వచ్చినవారికి వంట నేర్పినట్లే రిబేటు విద్యను కూడ నేర్పుచుండిరి. అర్జీ పంపక ముందే అన్నిటికి నకళ్లు తీసి ఉంచుట, పంపిన తేదీని గోడ మీది క్యాలెండరులో గుర్తించుట, చెక్కు రానిచో వ్రాయుట – ఇవి అందలి పాఠములు. అయితే చాల రిబేట్లు ఇంటికి ఒక్కటే యను నియమముతో ఉండెడివి. ఒకే చిరునామాలో నలుగురున్నచో ఒకనికి మాత్రమే యోగము. వారి శ్రద్ధను నేను మెచ్చుకొందును. కాని వారికి లాభముగా వచ్చిన ఆ డాలర్లు ఎవరి జేబునుండి వచ్చినవి?

లెక్క కొఱకు కొన్ని అంకెలను కల్పించుకొందము. నూఱుగురు ఒక వస్తువును కొనిరి. ఒక్కొక్కనికి 50 డాలర్ల రిబేటు వాగ్దానము. 60 మంది అర్జీ పంపి సొమ్ము పొందిరి. 40 మంది పొందలేదు. కంపెనీకైన ఖర్చు 3,000 డాలర్లు. అదే ఖర్చుతో నూఱుగురకును 30 డాలర్ల చొప్పున ధర తగ్గింపవచ్చును గదా? కనుక అర్జీ పంపిన అఱువది మందికి తలకు 20 డాలర్లు ఎక్కువ ముట్టినది. పంపని నలువది మందికి తలకు 30 డాలర్లు తక్కువైనది. 60ని 20తోను, 40ని 30తోను గుణించినను 1,200 డాలర్లే వచ్చును. ఒకరి జాగ్రత్తకు బహుమానము ఇచ్చినది కంపెనీ కాదు, రెండవవాని మఱపు.

అజాగ్రత్తపరుడు నష్టపోవుట న్యాయమే యని కొందఱందురు. నాకు ఆ మాట రుచింపదు. ఆ నలువది మందిలో సోమరులు ఎందఱుందురో కాని, రెండు చోట్ల పని చేసి అర్ధరాత్రి ఇల్లు చేరు కార్మికుడును, చిన్న అక్షరములు చదువలేని వృద్ధుడును, ఆ దేశపు భాష సరిగా రాని క్రొత్తవాడును తప్పక ఉందురు. తీరిక కలవానికి ఒక ధర, తీరిక లేనివానికి ఒక ధర అని బోర్డు కట్టినచో ఎవరును సహింపరు. అదే భేదము బార్‌కోడ్ ముక్క వెనుక దాగియున్నచో దానిని తెలివికి బహుమానమందుము! ప్రజల ఆగ్రహము పెరుగుటచే బెస్ట్ బై అను పెద్ద దుకాణముల సంస్థ తపాలా రిబేట్లను క్రమముగా విడిచిపెట్టుదునని 2005వ సంవత్సరమున ప్రకటించినది. ధరను అమ్మకమునాడే తగ్గించుట ఏ వర్తకునకును అసాధ్యము కాదని దీనివలన తేలినది.

మన దేశమున తపాలా రిబేటు వేళ్లూనలేదు. కాని దాని ఆత్మ వేఱు శరీరములను ధరించి మన తెరల మీద తిరుగుచున్నది. దసరా, దీపావళి రోజులలో ల్యాప్‌టాపు కొనబోవు గృహస్థునకు మొదట ఒక కొట్టివేసిన ధర, దాని క్రింద ఒక తగ్గింపు ధర, దాని క్రింద ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవారికి మఱియొక ధర కనబడును. 50,000 రూపాయల యంత్రమునకు నూటికి 10 వంతుల తగ్గింపు అని వ్రాసి, గరిష్ఠము 1,500 రూపాయలు అని సన్నని అక్షరములతో చేర్చినచో, నిజమైన తగ్గింపు నూటికి 3 వంతులే. ఆ కార్డు లేనివానికి అదియు లేదు. ధాన్యమమ్మిన సొమ్ముతో కుమార్తె చదువునకు కంప్యూటరు కొన వచ్చిన రైతు పూర్తి ధర ఇచ్చును. నెల జీతము, రెండు కార్డులు గల ఉద్యోగి తక్కువ ధర ఇచ్చును. అవసరము ఎవరిది ఎక్కువ?

వడ్డీలేని వాయిదాల మాట కూడ ఇట్టిదే. బ్యాంకు వడ్డీ వేయకుండుట లేదు. ఆ వడ్డీకి సరిపడు మొత్తమును అమ్మకందారుడు ముందుగా ధరలో తగ్గించి చూపును; రొక్కము చెల్లించువానికి ఆ తగ్గింపు లభింపదు. వడ్డీ మీద నూటికి 18 వంతుల పన్నును కొన్నవాడే భరించును. అసలు సున్న వడ్డీ అనునదే లేదని భారత రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు వ్రాసియున్నది. 2014 అక్టోబరు 6వ తేదీన ఫ్లిప్‌కార్ట్ నడపిన మహా విక్రయములో ధరలు మారుట మొదలగు లోపములు బయటపడగా, దాని స్థాపకులు కొనుగోలుదార్లను క్షమాపణ కోరిరి. అట్లు కోరుట వారికి గౌరవమే. అయితే క్షమాపణ ధరను తగ్గింపదు.

ఐరోపా సమాఖ్యలో 2022 మే 28 నుండి ఒక నియమము అమలులోనికి వచ్చినది. తగ్గింపు ప్రకటించు వర్తకుడు దానికి ముందు కనీసము 30 దినములలో తానమ్మిన అత్యల్ప ధర ఎంతో చూపవలెను. పండుగకు ముందు ధర పెంచి, పండుగనాడు దించి, దానిని కొసరని పిలుచుట అక్కడ కుదరదు. ఇట్టి నియమమును మన దేశమున కూడ మనము అడుగవలెనని నా అభిప్రాయము. మన వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకములను వెలువరించి, పదమూడు విధములైన మాయోపాయములను నిషేధించినది. రెండే మిగిలినవి, త్వరపడుడు అని అబద్ధమాడి తొందరపెట్టుట వానిలో ఒకటి. చివర రుసుములు చేర్చి ధర పెంచుట మఱియొకటి. ఇది మంచి ఆరంభమే గాని, కొట్టివేసిన ధర ఎన్నడైన నిజముగా ఉండెనా యను ప్రశ్నకు తిన్నని సమాధానము కావలెను.

అంతవరకు కొనువారు ఆ ముప్పది దినముల లెక్కను తామే వ్రాసికొనవచ్చును. కావలసిన యంత్రము పేరు, దానిలోని మెమొరీ, డిస్కుల పరిమాణము, ఆనాటి ధర ఒక నోటు పుస్తకములో వారమునకు రెండు మాఱులు వ్రాసినచో చాలును. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటికి పోయి, కార్డు లేక రొక్కమిచ్చినచో వెల ఎంత అని అడుగుట కూడ మంచిది. అక్కడ ఇంకను నోరు తెఱచి కొసరు అడుగవచ్చును. తెర మీది ధరతో బేరమాడుట అసాధ్యము. మోసము జరిగినచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయుటకు 2019 నాటి చట్టము రెండు సంవత్సరముల గడువిచ్చినది. అయితే తెరపై నేడు కనబడిన ధర రేపు కనబడదు గనుక, ఆ పుటను కొన్ననాడే చిత్రముగా తీసి బిల్లుతోపాటు భద్రపఱచవలెను.