భూతభాష ఎవరి మాతృభాష?

కల్పిత లోకాలలో నడిచే కంప్యూటర్ ఆటలలో తరచుగా ఒక భాష ఉంటుంది. దాని లిపి ముళ్లకంచెలా ఉంటుంది. దానిని చదివినవాడికి మతి చలిస్తుంది, పలికితే ఎవరిదో ఒకరి ప్రాణం పోతుంది. 2011లో వచ్చిన స్కైరిమ్ అనే ఆటలో డ్రాగన్ల భాషలో మూడు మాటలు అరిస్తే ఎదుటివాడు ఎగిరి అవతల పడతాడు. ఈ సరుకుకంతటికీ తాతగారు టోల్కీన్. మోర్డోర్ అధిపతి కోసం ఆయన ఒక నల్లభాషను కల్పించి, దానిలోని మాటలను ఉంగరం మీద చెక్కించాడు. రివెండెల్ సభలో గాండాల్ఫ్ వాటిని పైకి చదివితే ఎల్ఫులు చెవులు మూసుకున్నారు. ఆ మాటలు చెక్కించిన పాత్రనొకదానిని ఒక అభిమాని కానుకగా పంపితే, ఆయన దానితో ఏమీ తాగలేక బూడిద రాల్చుకోవడానికి వాడుకున్నాడట. తాను సృష్టించిన భాష తనకే అపవిత్రమయింది!

ఆటే కదా, దీనిలో ఆక్షేపించడానికి ఏముంది అని మీరు అడగవచ్చు. నా ఆక్షేపణ ఆటమీద కాదు, "ఒక భాష స్వతహాగా ప్రమాదకరం కావచ్చు" అనే నమ్మకంమీద. దానిని మనం ఎవరినుంచీ అరువు తెచ్చుకోలేదు. మన ఇంటి సొత్తే.

వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యంలో రెండు కథలు చెబుతాడు. ఒకటి ఇంద్రశత్రువుది. త్వష్ట యజ్ఞంలో ఒక్క స్వరం తప్పితే వరం శాపమయి, ఇంద్రుణ్ణి చంపవలసినవాడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు. రెండవది అసురులది. శత్రువులను పిలవడంలో రేఫకు బదులు లకారం పలికారట, అందుకే ఓడిపోయారట, కనుక మ్లేచ్ఛంగా మాట్లాడరాదట. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను గమనించండి. మన భాషలో ప్రమాదం ఉంటే అది మహిమ; జాగ్రత్తగా పలకాలి. ఎదుటివాడి భాషలో ఉంటే అది మాలిన్యం; అసలు పలకకూడదు. రకు ల పలికినంతమాత్రాన యుద్ధం ఓడిపోయేటట్లయితే, నత్తివాడెవడూ ఏ సైన్యంలోనూ చేరడానికి పనికిరాడు.

నేను ఉండేది నర్సీపట్నం పక్కన బలిఘట్టంలో. వరాహనది ఒడ్డున బ్రహ్మలింగేశ్వరుడి గుడి ఉంది. బలిచక్రవర్తి ఇక్కడ యజ్ఞం చేశాడని స్థలపురాణం. బలి అసురుడు. పతంజలి చెప్పిన లెక్కన ఆయనదీ మ్లేచ్ఛభాషే కావాలి. మరి ఏ భాషలో మంత్రం చెప్పి యజ్ఞం చేశాడో మా ఊళ్లో ఎవరూ అడగరు. చక్రవర్తులను ఎవరూ అడగరు.

అడిగేది గుణాఢ్యులనే. కథాసరిత్సాగరంలోని ఆ కథ మీకందరికీ తెలిసినదే. జలక్రీడలో రాణి సంస్కృతంలో "నీళ్లు చల్లవద్దు" అంటే, సంధి విడదీయడం చేతగాని శాతవాహనుడు లడ్డూలు తెప్పించి నవ్వులపాలయ్యాడు. రాజుకు ఆరేళ్లలో వ్యాకరణం నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు. ఆరు నెలలు చాలునన్నాడు శర్వవర్మ. పందెం ఓడిన గుణాఢ్యుడు సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ విడిచిపెట్టి, వింధ్యాటవికి పోయి, పిశాచాల భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. సిరా దొరకక తన నెత్తురుతో రాశాడట. పైశాచి అని, నెత్తుటి రాత అని రాజు దానిని తోసిపుచ్చాడు. కవి ఒక్కొక్క ఆకూ చదువుతూ అగ్నిలో వేస్తుంటే అడవిలోని మృగాలు మేత మాని, కన్నీళ్లతో విన్నాయి. ఆరు లక్షలు కాలిపోయాయి. మిగిలిన లక్షా కాలక్రమంలో పోయింది. ఇప్పుడు మనకున్నవి ఇతర భాషలలో చేసిన పునఃకథనాలే.

పైశాచికి భూతభాష అని మరొక పేరు. దానిని షడ్భాషలలో చేర్చి లక్షణం చెప్పిన వైయాకరణులున్నారు. లక్షణం ఉన్నదంటే మాట్లాడిన మనుషులున్నారనే గదా? పిశాచాలు విభక్తులు పాటించవలసిన అవసరమేముంది! అడవిలోనో కొండలలోనో బతికిన ఎవరి ఇంటిభాషకో నగరం పెట్టిన పేరది అని నా నమ్మకం. రాజుకు భయం కలిగించింది శ్లోకాలలోని అర్థం కాదు, దాని వాసన.

ఆ రాజు చెవి ఇంకా మన సినిమాలలో ఉంది. 2015లో వచ్చిన బాహుబలిలో కాలకేయుల కోసం మదన్ కార్కీ "కిలికి" అనే భాషను కూర్చారు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. నేను అనడానికి "మిన్", నీవు అనడానికి "నిమ్": మాట తిరగేస్తే మనిషి తిరగబడతాడు. చమత్కారం కాదనను. కానీ ఆ భాష ఎవరి నోట పెట్టారు? నల్లటి ఒంటికి మరింత నలుపు పూసి, ఎముకలు కట్టి, మనిషి రూపం చెరిపిన కొండజాతి వంటి గుంపు నోట. మాహిష్మతివారు మాత్రం పద్యంలాంటి తెలుగు మాట్లాడతారు. ఐదేళ్ల తరువాత, 2020 ఫిబ్రవరి 21న, సాక్షాత్తూ అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంనాడు, కిలికి నేర్పే జాలస్థలాన్ని రాజమౌళి చేత ఆవిష్కరింపజేశారు. ఎవరి తల్లీ మాట్లాడని భాషకు మాతృభాషా దినం!

మా ఊరినుంచి చింతపల్లి దారి పట్టి ఘాటెక్కితే మన్యం. ఆ కొండలలో కువి ఉంది, కొండదొరల కూబి ఉంది, వాల్మీకుల కుపియా, గదబ, ఆదివాసీ ఒడియా ఉన్నాయి. నర్సీపట్నం బజారులో ఈ మాటలు వినబడితే "ఏదో భాష" అంటాం. దాని పేరేమిటో అడిగేవాడు వందమందిలో ఒకడుండడు. ఆ "ఏదో భాష"లో ఒక ముసలమ్మ తనలో తాను గొణుక్కుంటే, అదే సినిమా చూసి వచ్చిన చెవికి మంత్రంలా వినబడుతుంది. చిల్లంగి నెపంతో మనిషిని చంపారన్న వార్త విశాఖ మన్యంనుంచి ఎన్నిసార్లు చదవలేదు మనం?

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. చిల్లంగి భయం కొండమీద కూడా ఉంది. చంపేవాడూ చచ్చేవాడూ ఒకే భాష మాట్లాడేవారయిన సందర్భాలున్నాయి. సినిమా ఆ భయాన్ని పుట్టించలేదు. జ్వరానికి మందు అందనిచోట మాటకు మహిమ ఎక్కువవుతుంది. అయితే కొండమీదివాడికి మందు పంపవలసిన మైదానం, అతని భయాన్నే తన వినోదంగా మార్చుకోవడం వేరే సంగతి. అక్కడ నాకు సహనం లేదు. తెల్లదొరలు 1871లో చేసిన నేరస్థజాతుల చట్టాన్ని 1911 తరువాత మద్రాసు రాజధానిలోనూ అమలుచేసి ఎరుకలవారిని దానికింద చేర్చినప్పుడు, వారి ఇంటిభాష పోలీసు చెవికి దొంగభాషే అయింది. అది పోయింది 1952లో. చెవి పోలేదు.

ఇదే కళింగసీమలో మరొక చెవి ఉండేది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చుకున్నారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. అయినా విడిచిపెట్టక 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. వాడుకభాష ఉద్యమమంటే మనకు ఆయన పేరే గుర్తువస్తుంది గాని, ఆ ఉద్యమానికి ముందే ఆయన సవరల దగ్గర చెవి దిద్దుకున్నారన్నది గుర్తురాదు. ఆ సవరల భాషలోనే, కురాన్ అనే పూజారిణి ఆవేశంలో కూర్చుంటే, చనిపోయినవారు ఆమె నోట మాట్లాడతారు. పియర్స్ విటెబ్‌స్కీ 1993లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. ఏ ఆట రాసేవాడికైనా నోరూరే సన్నివేశం. అయితే అక్కడ జరిగేది ఏమిటి? ఎలా పోయావని అడుగుతారు, పాత తగవులు తీసుకుంటారు, ఏడుస్తారు, పరిహాసాలాడతారు. మరణభాష అనుకున్నది తీరా వింటే ఇంటి మాటలు.

లిపిలేనిది భాషా అనేవారికి రెండు ముక్కలు. మంగై గమాంగో 1936లో సవరకు సొరాంగ్ సొంపెంగ్ లిపి కూర్చాడు. ఇరవైనాలుగు అక్షరాలకు ఇరవైనలుగురు దేవతల పేర్లు. 2012లో అది యూనికోడులోకి వచ్చింది. తెలుగు అక్షరాలు తెరమీద డబ్బాలుగా కనబడిన రోజులలో మనం పడ్డ వేదన మరచిపోలేదు గదా? ఇక రెండవది. మన బండి ఱ చచ్చిపోయిందని ఎన్ని కన్నీళ్లు కార్చాం! ద్రావిడ భాషల ఆ పాత ధ్వని కూబిలో ఇప్పటికీ ర నుంచి వేరుగా నిలిచి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో ప్రకటించిన కూబి వ్యాకరణం తిరగేస్తే కనబడుతుంది. మనం పద్యాలలో వెతుక్కునేదానిని మన్యంలో పశువులు కాసే పిల్లవాడు పలుకుతున్నాడు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా భాషలలో, తెలుగు లిపితో, చిన్నతరగతుల వాచకాలు తయారయ్యాయి. వాటిలో కువి, కొండ వాచకాలు మీలో ఎవరివద్దనైనా ఉంటే, నాలుగు పుటలైనా సరే, చిత్రాలు తీసి పంపండి. నేను కూర్చుని టైపు చేస్తాను.