ఫిన్స్ అందరివీ, బూటీలు ఎవరివి వాళ్లవి



పోయిన సంక్రాంతి సెలవుల్లో మన వాళ్లం ఆరుగురం రుషికొండ వెళ్లి, మొదటిసారి వీపున సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగాం. ఫొటోలు చూసి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నారు, సామాను ఏం కొనాలి, ఎంతవుద్ది అని. ఇద్దరు తొందరపడి కొనేశారు కూడా. అందుకే ఈ పోస్టు.

మా మాట ముందే చెప్పేస్తాం. ఒక్కసారి దిగి చూసొద్దాం అనుకునేవాళ్లు ఏమీ కొనొద్దు, డబ్బు కట్టిన చోట సామాను వాళ్లే ఇస్తారు. కోర్సు పూర్తి చేద్దాం అనుకునేవాళ్లు ముందు సొంత బూటీలు కొనుక్కోండి. ఫిన్స్ మాత్రం ఎవరికి వాళ్లు కొనొద్దు, గ్రూపుగా కొందాం.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాం. ఫిన్ అంటే కాలికి తొడుక్కునే రెక్క, బాతు కాలు లాంటిది. బూటీ అంటే మెత్తటి నియోప్రీన్‌తో కుట్టిన బూటు, కింద రబ్బరు అట్ట ఉంటుంది. మా ఊళ్లో మామ్మకి చూపిస్తే, "ఏట్రా, నీల్లల్లో దిగడానికి కూడా బూట్లేట్రా?" అని నవ్వింది. మేమూ అలాగే అనుకున్నాం. గెడ్డలో, నాగావళిలో ఈత కొట్టినోళ్లం కదా, కాళ్లకి ఏం కావాలి అని. ఒడ్డున రాళ్ల మీద గవ్వ పెంకులు బ్లేడుల్లా ఉంటాయని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఫిన్స్ రెండు రకాలు. మొదటిది ఫుల్ ఫుట్, అంటే చెప్పులా మడమతో సహా కాలంతా లోపలికి పోయేది. ధర తక్కువ, బరువూ తక్కువ. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడేవి ఎక్కువ ఇవే. మనవాడొకడు ఇవే తెప్పించాడు. సైజు ఒక్క కాలికే సరిపోతుంది, వాటిలో బూటీ పట్టదు. వట్టి కాలితో తొడుక్కుంటే మడమ ఒరుసుకుపోయి రెండో రోజుకి పుండు పడింది. ఇప్పుడవి వాళ్లింట్లో అటక మీద ఉన్నాయి.

రెండోది ఓపెన్ హీల్. వెనక మడమ ఖాళీ, పట్టీ ఉంటుంది. బూటీ వేసుకుని దాని మీద ఇది తొడిగి పట్టీ బిగించుకోవాలి. ధర ఎక్కువే, కానీ పట్టీ వదులు చేస్తే ఒకటి రెండు నంబర్ల తేడా ఉన్న కాళ్లకి కూడా సరిపోతుంది. మేం గ్రూపుగా కొందాం అంటున్నది ఇందుకే. చిన్న సైజు ఒక జత, మధ్య సైజు రెండు జతలు, పెద్దది ఒకటి ఉంటే పది మంది వంతులవారీగా వాడుకోవచ్చు.

లెక్క చూడండి. జత నాలుగు వేలు అనుకుందాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఇంట్లో అమ్మో నాన్నో పదమూడు రోజులు గప్ప పట్టి మట్టి మోస్తే ఒక జత ఫిన్స్. దాన్ని ఏడాదిలో నాలుగు రోజులు వాడి మిగతా రోజులు మూల పెట్టడం మాకు మనసొప్పట్లేదు.

బూటీల్లో మాత్రం వంతులు వద్దు. తడి ఆరని బూటీ ఒకరి తర్వాత ఒకరు వేసుకుంటే వేళ్ల మధ్య పాచి, దురద అందరికీ అంటుతుంది. అదీగాక మన కాళ్ల సంగతి వేరు. అందరివీ కాదు గానీ, చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా కొండెక్కి దిగిన కాళ్లకి వేళ్లు విచ్చుకుని ఉంటాయి. హాస్టల్లో ఇచ్చిన బూట్లలో చిటికెన వేలు ఎంత నలిగిందో మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నంబరు చూసి కొంటే బూటీతోనూ అదే గతి. సాయంత్రం పూట కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్ గీత గీయండి. పొడవూ వెడల్పూ రెండూ సెంటీమీటర్లలో కొలవండి. పక్కన జిప్పు ఉన్న రకమైతే ఎత్తు మడమకీ, వెడల్పు కాలికీ సుళువు. బిగుతుగా ఉండాలి గానీ వేళ్లు ముడుచుకోకూడదు. వదులుగా ఉంటే ఇసుక దూరి చర్మం ఒలిచేస్తుంది. మన బంగాళాఖాతం నీళ్లు చల్లనివేం కావు, మూడు మిల్లీమీటర్ల మందం చాలు. అంతకంటే మందంవి చలి దేశాల వాళ్లకి. అట్ట మాత్రం గట్టిగా ఉండాలి.

ఫిన్ కొనేటప్పుడు బూటీ వేసుకునే వెళ్లండి. తొడిగి, పట్టీ బిగించి, కాలు ఎత్తి గట్టిగా విదిలించండి. ఊడకూడదు, పాదం మీద నొక్కకూడదు. మరీ గట్టి రెక్క కొంటే పిక్కలు పట్టేస్తాయి. కొత్తవాళ్లకి మధ్యరకం చాలు. నీళ్లలో దూరం నుంచి గొప్పగా కనబడే ఆ పొడవాటి ఫిన్స్ సిలిండర్ లేకుండా మునిగేవాళ్లవి, మనకి కాదు. సెకండ్ హ్యాండ్‌వి దొరికితే తీసుకోండి, రెక్కని వంచి చూసి పగుళ్లు లేకపోతే చాలు. పట్టీ పాతదైతే మార్చుకోవచ్చు. ఈ మాట ఫిన్స్ వరకే. గాలి పీల్చే రెగ్యులేటర్‌ని చవగ్గా దొరికిందని ఎవరి దగ్గరా కొనకండి. ఫిన్ పాడైతే ఈత కష్టమవుద్ది, అది పాడైతే ప్రాణం మీదకొస్తుంది.

"మనకి కొండలు చాలు, సముద్రం ఎందుకు?" అని ఒక అన్న అడిగాడు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆ బూట్లూ, ఆ శిక్షణా గురుకులాల తరఫున అందాయి. ఆదివాసీ అంటే కొండే అని లోకం అనుకోడం సరే, మనమూ అలాగే అనుకుంటే ఎలా? సీతంపేట నుంచి బారువ తీరానికి బస్సులో ఒక పూట ప్రయాణం. నేవీలోనూ, విపత్తు సహాయ దళాల్లోనూ, అండమాన్ డైవింగ్ సెంటర్లలోనూ నీటి కింద పని చేసే వాళ్లు కావాలి. ఆ వరుసలో మన పిల్లలు కూడా నిలబడాలని మా ఆశ.

ఇంకో సంగతి, కొనడం కంటే ముందు చూసుకోవాల్సింది. మన దగ్గర సికిల్ సెల్ ఉంది. ఆ జబ్బు ఉన్నవాళ్లకి స్కూబా ప్రమాదం. పరీక్ష చేయించుకోని వాళ్లు ముందు పీహెచ్‌సీకి వెళ్లండి. క్యారియర్ అని వచ్చిన వాళ్లు కూడా డాక్టరుకి చెప్పి, ఆయన రాసిచ్చాకే కోర్సు ఫీజు కట్టండి. ఆస్తమా, చెవి జబ్బు ఉన్నా అంతే. ఇక ఓపెన్ వాటర్ కోర్సుకి ఆగకుండా 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు తేలుతూ ఉండడం రావాలి. ఫిన్స్ కొంటే అవి రావు.

ఫిన్స్ వచ్చాక తోటపల్లి బ్యారేజీ దగ్గర సాధన చేద్దాం అని కొందరు అంటున్నారు. గేట్లున్న చోట నీళ్లతో ఆటలొద్దు. విశాఖలో స్విమ్మింగ్ పూల్ చూద్దాం. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. మొనల మీద గోడకి నిలబెడితే రెక్కలు వంకరపోతాయి, పడుకోబెట్టే ఉంచాలి. ఎవరు తీసుకెళ్లారో పుస్తకంలో రాయాలి, పట్టీ తెగితే తెగ్గొట్టినవాళ్లే వేయించాలి.

చేరదలచినవాళ్లు ఈ నెలాఖరు లోపు పేరు, పాదం పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో పంపండి. డబ్బులు ఇప్పుడే పంపొద్దు. కొలతలన్నీ చూశాక ఎన్ని జతలు, తలకి ఎంత అనేది అందరం కూర్చుని తేల్చుకుందాం.