మూడు ఫిల్సులే కదా!

మన సంఘం పిక్నిక్ ఖర్చు పంపకానికి మేము జావాలో చిన్న ప్రోగ్రాము రాశాం. పరీక్షలన్నీ నెగ్గాయి. కోశాధికారిగారు రసీదులు కూడి చూసి, "నలభై ఇళ్ళనుంచి 120 ఫిల్సులు ఎక్కువ వచ్చాయేమండీ?" అన్నారు.

తప్పు మాదే. రూపాయికి నూరు పైసల అలవాటు కొద్దీ రెండు దశాంశాలకే సరిచేశాం. దినారుకు వెయ్యి ఫిల్సులు కదా! ఇంటికి 3.347 కాస్తా 3.350 అయింది.

మరి పరీక్ష పట్టలేదేం? 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా మొదలుపెట్టిన జేయూనిట్‌లో పోల్చే తీరులు పలురకాలు. 'అసర్ట్ ట్రూ' తప్పిందని మాత్రమే అంటుంది. 'అసర్ట్ ఈక్వల్స్' రావలసిందెంతో, వచ్చిందెంతో చెబుతుంది. తర్వాత వచ్చిన 'అసర్ట్ దట్' మామూలు వాక్యంలా చదువుకోవచ్చు. మేము రెండోదే వాడాం, కాని 0.01 తేడా ఫరవాలేదని పక్కనే రాశాం. అంటే పది ఫిల్సుల దాకా మాఫీ!

ఇప్పుడు సొమ్ము క్లాసులో దినార్లు లేవు. అన్నీ ఫిల్సులే, పూర్ణసంఖ్యలే. మాఫీ తీసేశాం. వెంటనే పరీక్ష నిలదీసింది: రావలసింది 3347, వచ్చింది 3350.

ఏ తీరున అడిగినా, ఎంత తప్పు ఓర్చుకోవాలో చెప్పేది మనమే. 120 ఫిల్సులూ వచ్చే పిక్నిక్ చందాలో తగ్గిస్తాం.