దూరపు బండి నునుపు.. దగ్గరికొస్తే తుప్పు

* ఫొటోలు చూసి బయానాలు.. ఆనక అవస్థలు
* డబ్బు కంటే ముందే తనిఖీ జరగాలి
* ప్రైవేటు అమ్మకాల్లో చట్టం ఆసరా అంతంతమాత్రం

జలదంకి: దూరపు కొండలు నునుపన్న సామెత పాత వాహనాల బేరానికి అచ్చంగా సరిపోతుంది. దిల్లీలోనో, కోయంబత్తూరులోనో ఉన్న అంబాసిడర్ కారు సెల్‌ఫోన్ తెరపై అద్దంలా మెరుస్తుంది. జలదంకిలో కూర్చుని చూసే కొనుగోలుదారుకు రంగు కనిపిస్తుంది గానీ, దాని కింద తుప్పు కనిపించదు. ఫొటోలు చూసి బేరం కుదుర్చుకుని, బయానా పంపి, ఆ తర్వాత బండిని చూడటానికి వెళ్లే అలవాటే అసలు చిక్కు. ఈ వరస తిరగబడాలి. ముందు తనిఖీ, తర్వాత బేరం, ఆఖరున డబ్బు.

ప్రభుత్వ పరంగా తనిఖీ లేకపోలేదు. పొరుగు రాష్ట్రంలో కొన్న బండికి మన రాష్ట్రపు నంబరు కోసం దరఖాస్తు చేసినప్పుడు మోటారు వాహనాల తనిఖీ అధికారి బండిని చూస్తారు. ఛాసిస్ నంబరును కాగితాలతో సరిపోలుస్తారు. అయితే అది కొనుగోలు పూర్తయి, అమ్మినవారు డబ్బు లెక్కపెట్టుకున్నాక జరిగే తంతు. అప్పుడు తేడా బయటపడితే అధికారి చేయగలిగింది దరఖాస్తు తిప్పి పంపడమే. బండి ఇంటి ముందు, డబ్బు ఎక్కడో దూరాన ఉండిపోతాయి.

పాతవాటికే గిరాకీ

కొత్తగా దొరకని బండ్లపై మోజు సహజం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. మారుతి 800 ఉత్పత్తికీ అదే ఏడాది తెరపడింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే కనుమరుగైంది. జావా, యెజ్డీ బైకులను తయారుచేసిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. వీటిలో ఏది కావాలన్నా ఎవరో ఒకరి షెడ్డులో ఉన్నదాన్నే వెతుక్కోవాలి. మంచి స్థితిలో ఉన్నవి మన ఊళ్లలో అరుదు గనుక వెతుకులాట చెన్నై, బెంగళూరు, పుణె, దిల్లీల దాకా సాగుతుంది.

దిల్లీ బండ్ల సంగతి వేరు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు రోడ్డెక్కరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో వాటి యజమానులపై కఠిన చర్యలు వద్దని చెప్పినా, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆ పైస్థాయి వాహనాలకే పరిమితం చేసింది. అంటే అంతకంటే పాతవాటికి అక్కడ నూకలు చెల్లినట్లే. ఉన్నచోట తిరగలేని బండి తక్కువ ధరకు బయటి రాష్ట్రాలకు తరలుతుంది. ధర తక్కువ కావడానికి ఇదొక న్యాయమైన కారణమే. కానీ ఆ బండి రిజిస్ట్రేషన్ ఇప్పటికే రద్దయిందా, నిరభ్యంతర పత్రం వస్తుందా అన్నది తేలకుండా కొంటే చవక బేరం కాస్తా ఇనుప సామాను కింద తేలుతుంది.

ఇద్దరు మనుషుల పని

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి బతుకుతెరువుకు నగరాలకు వెళ్లినవారు లేని ఊరు లేదు. అందుకే దూరాన బండి ఉందనగానే అక్కడున్న బావమరిదికో, బాబాయి కొడుక్కో ఫోన్ చేసి చూసి రమ్మనడం పరిపాటి. అది మంచిదే గానీ సగం పనే. బంధువు వెళ్తే అమ్మకందారు నిజంగా ఆ ఇంట్లో ఉన్నాడా, ఆర్‌సీలో పేరు అతనిదేనా, చుట్టుపక్కలవారు అతణ్ని ఎరుగుదురా అన్నది తెలుస్తుంది. ఇనుము సంగతి అతనికి తెలియదు. ఇంజిన్ మోగితే బాగుందంటాడు, రంగు మెరిస్తే కొత్తగా ఉందంటాడు.

రెండో మనిషి మెకానిక్. అతను అమ్మకందారు చూపించినవాడు కాకూడదు. ఆ బండికి ఇన్నాళ్లూ మరమ్మతులు చేసినవాడు అసలే కాకూడదు. అదే తరహా బండ్లకు విడిభాగాలు అమ్మే దుకాణాల్లో వాకబు చేస్తే ఆ ఊళ్లో పాత బండ్లు బాగుచేసే చేయి ఎవరిదో తెలిసిపోతుంది. బీమా నష్టాలను అంచనా వేసే లైసెన్సు ఉన్న సర్వేయర్లు పట్టణాల్లో ఉంటారు. రుసుము తీసుకుని బండిని చూసి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వమని వారినీ అడగవచ్చు. ఎవరిని పంపినా రుసుము కొనుగోలుదారే చెల్లించాలి. అమ్మకందారు చేతి డబ్బుతో వచ్చిన నివేదికకు విలువ లేదు. రూ.3 లక్షల బండి అనుకుంటే తనిఖీకి, రాకపోకలకు కొన్ని వేలు అవుతాయి. అది దండగ ఖర్చు కాదు. లోపాలు బయటపడితే బేరంలోనే అంతకు మించి తగ్గుతుంది, లేదా బేరమే ఆగి మొత్తం సొమ్ము మిగులుతుంది.

ఇనుము చెప్పే నిజాలు

తనిఖీ ఉదయం పూట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలవ్వాలి. మెకానిక్ వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చలికి మొరాయించే ఇంజిన్ లోపం అలా మరుగునపడుతుంది. సైలెన్సరు నుంచి నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లటి పొగ తగ్గకపోతే నీరు లోపలికి చేరుతోందని అనుమానించాలి. నల్లటి పొగ ఇంధనం సరిగా కాలడం లేదనడానికి గుర్తు. ఆయిలు కొలిచే పుల్లకు పాలు కలిసిన కాఫీ రంగు జిగురు అంటుకుంటే ఇంజిన్ విప్పక తప్పదు.

అయినా పాత కారులో ఇంజిన్ కంటే ఖరీదైన జబ్బు తుప్పు. ఇంజిన్‌ను విప్పి బాగుచేయవచ్చు, దొరికితే మార్చవచ్చు. ఛాసిస్, నేల రేకు, తలుపుల కింది అంచులు చివికిపోతే వెల్డింగుకు అంతుండదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగిన బండ్లలో ఈ బెడద ఎక్కువ. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల అడుగున, చక్రాల పైభాగాన ఆనించి చూస్తే చాలు. అంటుకోని చోట రేకు లేదు, రంగు కింద పుట్టీ ఉంది. బండిని పైకెత్తి అడుగుభాగాన్ని వెలుతురులో చూడాలి. కార్పెట్ ఎత్తి నేలను చూడాలి. కొత్తగా నల్లరంగు పూసిన అడుగుభాగాన్ని మరింత నిశితంగా చూడాలి.

ఆ తర్వాత 20 కిలోమీటర్లకు తగ్గకుండా నడపాలి. బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా, గేరు జారుతోందా, ముందు చక్రాల వద్ద లూజు ఉందా, ఇంజిన్ వేడి అదుపులో ఉందా అన్నది ఆ ప్రయాణంలోనే తేలుతుంది. వీడియో కాల్‌లో చూసి సరిపెట్టుకుంటే కెమెరా పట్టినవాడు చూపదలచిందే కనిపిస్తుంది. వాసన, వేడి, అదురు ఫోన్‌లో రావు.

నంబరు దగ్గరే గుట్టు

ఇనుము, కాగితం కలిసేది ఛాసిస్ నంబరు దగ్గరే. పలకపై ఉన్న నంబరును చూసి వదిలేయకుండా, ఛాసిస్‌పై కొట్టిన అంకెలపై కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయాలి. అంకెల వరస వంకరగా ఉన్నా, చుట్టూ రేకు అరగదీసినట్లున్నా, ఆర్‌సీతో ఒక్క అంకె తేడా వచ్చినా బేరం అక్కడితో ఆపాలి. పాత జీపుల విషయంలో ఇది మరీ ముఖ్యం. వేర్వేరు బండ్ల భాగాలు కలిపి కట్టినవీ, వేరే ఇంజిన్ బిగించినవీ పల్లెల్లో కొత్త కాదు. ఇంజిన్ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. సైన్యం వేలంలో కొన్న జీపు అంటే వేలం నాటి విడుదల పత్రాలు అడగాలి.

ఆర్‌సీ గడువు, బీమా, ఫైనాన్స్ బకాయి వివరాలు పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే కనిపిస్తాయి. బండి చోరీ సొత్తు కాదని నిర్ధారించుకునేందుకు జాతీయ నేర గణాంకాల సంస్థ వెబ్‌సైటులో సదుపాయం ఉంది. ఫైనాన్స్ ఉన్నట్లు కనిపిస్తే బ్యాంకు ఇచ్చిన పత్రం, ఫారం 35 లేనిదే ముందుకు వెళ్లరాదు. బండి రాష్ట్రం దాటాలంటే అక్కడి రవాణా కార్యాలయం ఫారం 28పై నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలపై అమ్మకందారు సంతకాలు ఉండాలి. బండి ఇక్కడికి వచ్చాక జీవితకాల పన్ను, పాత బండైతే హరిత పన్ను కట్టాలి. వీటికి తోడు 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో రూ.10 వేలకు, మోటారు సైకిలుకు రూ.2 వేలకు పెంచింది. ఇవన్నీ కలుపుకొంటేనే బండి అసలు ధర తేలుతుంది.

‘సైన్యంలో పనిచేస్తున్నా’నంటే..

సైనికాధికారినని, వేరే చోటికి బదిలీ అయిందని, అందుకే బండిని తక్కువకు ఇచ్చేస్తున్నానని చెప్పి దోచుకోవడం దేశమంతటా పోలీసులు హెచ్చరిస్తున్న మోసం. గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు ఫొటోలు పంపుతారు. బండి సైనిక వాహనంలో బయల్దేరిందంటారు. రవాణా ఖర్చు, తిరిగి ఇచ్చే డిపాజిట్ అంటూ విడతలుగా గుంజుతారు. ఇలాంటివాడు దేనికైనా ఒప్పుకొంటాడు గానీ, మీ మనిషిని పంపి చూస్తామంటే మాత్రం ఒప్పుకోడు. ఆ ఒక్క మాటతో నిజమైన అమ్మకందారు ఎవరో, మోసగాడు ఎవరో విడిపోతారు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

చట్టం చేయి ఎంతవరకు?

వాహనాల వ్యాపారి వద్ద కొని మోసపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అండగా ఉంటుంది. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత కారు అమ్మితే ఈ దారి దొరకడం కష్టం. సివిల్ కోర్టు మెట్లెక్కాలి.

వస్తు విక్రయ చట్టం 1930లోని 41వ సెక్షన్ ముందుగా చూడని సరుకును పరీక్షించుకునే వ్యవధి కొనుగోలుదారుకు ఇస్తోంది. కానీ నాణ్యతకు అమ్మకందారు దానంతట అదే పూచీ పడినట్లు కాదన్నది అదే చట్టపు మూలసూత్రం. కాబట్టి ఇచ్చిన హామీలు కాగితంపై ఉండాలి. తనిఖీ నివేదికలో తేదీ, ఛాసిస్ నంబరు, కిలోమీటర్ల అంకె, లోపాల జాబితా ఉండి, దానిపై అమ్మకందారు సంతకం చేస్తే తర్వాత మాట మార్చడానికి వీలుండదు. బయానా ఇచ్చినా నిరభ్యంతర పత్రం రాకపోతే తిరిగి ఇస్తానన్న రాత తీసుకుని, బ్యాంకు ద్వారానే పంపాలి. మిగతా సొమ్ము అసలు ఆర్‌సీ చేతికందినప్పుడే చెల్లించాలి.

అమ్మేవారికీ ఇందులో పాఠం ఉంది. బండి పేరు మారకముందు ప్రమాదం జరిగితే రిజిస్టర్లో ఉన్న యజమానే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కొనుగోలుదారు బీమాను 14 రోజుల్లోగా తన పేరిట మార్పించుకోవాలి.

యాభై ఏళ్లు దాటితే..

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు కేంద్రం 2021 జులైలో వింటేజ్ హోదా కల్పించింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, తర్వాత పునరుద్ధరణకు రూ.5 వేలు రుసుము. గడువు పదేళ్లు. పాత నంబరు ఉంటే దాన్నే కొనసాగించవచ్చు. అయితే ఈ బండ్లను ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప రోజువారీ అవసరాలకు నడపరాదు. చేతులు మారితే 90 రోజుల్లోగా ఇరువురూ తమ తమ రాష్ట్రాల రవాణా శాఖకు తెలపాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో భారీ మార్పులు చేసిన బండికి ఈ హోదా రాదు. వింటేజ్ అని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఆ మాట నిజమో కాదో తేల్చేదీ తనిఖీయే.

జలదంకి, కలిగిరి, వింజమూరు వంటి చోట్ల బండి అంటే చాలామందికి సరదా కాదు, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. పొలం కొనేటప్పుడు హద్దులు కొలిపించి, ఈసీ తీయించి గానీ బయానా ఇవ్వని రైతు, బండి విషయంలో ఫొటో చూసి డబ్బు పంపడం విడ్డూరం. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నడిపించి చూసిన పెద్దల జాగ్రత్తే ఇక్కడా కావాలి. కావలిలో రైలెక్కి ఒక్కసారి వెళ్లొచ్చే తీరిక లేకపోతే, మన తరఫున చూసే నమ్మకమైన మెకానిక్ దొరికేదాకా ఆగడమే మేలు. ఈ బండి చేజారితే మరొకటి దొరుకుతుంది, పోయిన సొమ్ము మాత్రం తేలిగ్గా తిరిగి రాదు.