కుక్క ప్రయాణానికి నాలుగు నెలల ముందుచూపు

పలాస, టెక్కలి, ఉద్దానం తీర గ్రామాల నుంచి పరదేశాలకు వెళ్లేవారు జీడిపప్పు, ఎండుచేప, ఆవకాయ పెట్టెలో సర్దుకోవడం మామూలే. కుటుంబంతో తరలిపోయేవారికి ఇంటి కుక్కతోనే వస్తుంది చిక్కు.

ఐరోపా సమాఖ్య దేశాల నిబంధనే చూద్దాం. మన దేశం నుంచి వెళ్లే కుక్కకు ముందు మైక్రోచిప్ అమర్చాలి. అంతకుముందు వేసిన రేబిస్ టీకా లెక్కలోకి రాదు. టీకా వేసి 30 రోజులు దాటాక రక్తపరీక్ష, రక్తం తీసిన నాటి నుంచి 3 నెలల నిరీక్షణ. వీసా వచ్చాక పరుగులు తీస్తే ఫలితం ఉండదు; మూగజీవి వీధిపాలవుతుంది. మాంసం, పాల పదార్థాలు కలిసిన కుక్క తిండిని కూడా సామానులో సాధారణంగా రానివ్వరు.

ఇది వేధింపు కాదు. రోగం ఎల్లలు దాటితే ఏమవుతుందో కోవిడ్ చూపింది. 2020 మార్చిలో ఆగిన సాధారణ అంతర్జాతీయ విమానాలు తిరిగి నడిచింది 2022 మార్చిలోనే.

అయితే నిబంధన మనిషి కోసమే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం నుంచి తిరిగివచ్చే భారతీయులు పెంపుడు జంతువులను వెంట తెచ్చుకొనేందుకు కేంద్రం సడలింపు ఇచ్చింది. మనసుంటే మార్గముంటుంది.

పలాస, టెక్కలి పశువైద్యశాలల్లో ఈ వివరాలను తెలుగులో బోర్డుపై రాసి ఉంచాలి. టీకా పత్రంలో చిప్ నంబరు, తేదీలు స్పష్టంగా నమోదు చేయాలి. పెద్ద ఖర్చు లేని ఈ పనిపై పశుసంవర్ధక శాఖ అధికారులు శ్రద్ధ వహించగలరని ఆశిద్దాం. కుక్కను తీసుకుపోలేనివారు నమ్మకమైన చేతులకు అప్పగించిన తర్వాతే ఊరు కదలాలి.