ఆకాశమున దూరము

ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకి; జపాను రాజధాని టోక్యో. ఈ రెండు నగరముల నడుమ దూరమెంత? భూగోళముపై దారమును బిగించి కొలిచినచో ఇంచుమించు 7,800 కిలోమీటర్లని తేలును. గోడపటముపై కొలబద్ద నుంచి గీచిన గీత దగ్గరి దారి కాదు. భూమి గుండ్రముగా నుండుటచే అసలైన దగ్గరి దారి ఉత్తరమునకు వంగి, రష్యాలోని సైబీరియా మీదుగా పోవును. ఈ దూరము కొండవలె స్థిరమైనది. ఏ ప్రభుత్వమును దీనిని మార్పజాలదు.

అయినను విమానము ఎల్లప్పుడును ఆ దారినే పోవునా? పోదు. 1944లో చికాగో నగరమున కుదిరిన ఒడంబడిక ప్రకారము ప్రతి దేశమునకును తన నేలపై నున్న ఆకాశముమీద సంపూర్ణాధికారము కలదు. 1983లో ఫిన్లండు విమానసంస్థయైన ఫిన్నెయిర్ నడుమ నెచ్చటను దిగకుండ టోక్యో చేరు విమానమును ప్రారంభించెను. సోవియట్ ఆకాశము మీదుగా పోవు వీలు లేక, అది ఉత్తర ధ్రువము మీదుగా చుట్టు తిరిగి పోయెను. ప్రయాణమునకు దాదాపు 13 గంటలు పట్టెను. తరువాత సైబీరియా దారి తెరువబడగా, అదే ప్రయాణము పది గంటలలో ముగియసాగెను.

2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్‌పై దండెత్తెను. ఐరోపా దేశములు రష్యా విమానములకు తమ ఆకాశమును మూసివేసెను. రష్యాయు అట్లే చేసెను. మార్చి నెలలో ఫిన్లండు విమానము మరల ధ్రువపు దారి పట్టెను. మరల 13 గంటలు! ముప్పదితొమ్మిది ఏండ్లలో విమానములు ఎంతయో మెరుగుపడినవి. కాని యంత్రము సాధించిపెట్టిన లాభమును వైరము ఒక్క దినమున హరించినది.

భారతదేశమునకును ఈ అనుభవము లేకపోలేదు. 2019లో పాకిస్తాను కొన్ని నెలలపాటు తన ఆకాశమును మూసివేయగా, ఢిల్లీనుండి ఐరోపా, అమెరికాలకు పోవు మన విమానములు అరేబియా సముద్రము మీదుగా చుట్టు తిరిగి పోవలసివచ్చెను.

ఆకాశమును మూయుట దేశముల హక్కనియు, ఆపదవేళ తలుపు తెరచి యుంచుట అవివేకమనియు కొందరందురు. ఆ మాట కాదనరానిది. 2014 జులైలో యుక్రెయిన్ తూర్పుభాగమున పోరు సాగుచుండగా, ఆ ప్రాంతముపై ఎగురుచున్న మలేషియా విమానము కూల్చబడి 298 మంది మరణించిరి. మూయదగిన ఆకాశమును మూయకుండుటయు ప్రమాదమే. కావున దోషము తలుపుది కాదు. తలుపు మూయవలసిన స్థితిని తెచ్చిన యుద్ధముది.

ఆ దోషమునకు వెల చెల్లించువా రెవరు? కయ్యమున కే సంబంధమును లేనివారే. చదువుకై పోవు విద్యార్థి, వైద్యమునకై పోవు రోగి, సరకు పంపు వర్తకుడు, అందరును అధిక కాలమును, అధిక ధనమును వెచ్చింపవలయును. ప్రతి అదనపు గంటకును ఇంధనము మరింత కాలును. ఆ పొగ ఏ సరిహద్దునకును లోబడక లోకమంతటి గాలిలో కలియును.

విజ్ఞానము దూరమును జయించినదని పలుమారు వినబడును. అది సగము సత్యము మాత్రమే. రెండు నగరముల నడుమ నున్న కిలోమీటర్లను గణితము చెప్పగలదు. వేగమును యంత్రము ఈయగలదు. కాని దారి నిచ్చునది నడుమ నున్న దేశముల స్నేహమే. అందుచే, నగరముల దూరములను కంఠస్థము చేయు విద్యార్థి ఆ నడుమ నున్న దేశములను గూర్చియు, అచ్చటి ప్రజలను గూర్చియు నేర్చుట అవసరము. రేపటి ఒడంబడికలను వ్రాయువారు నేటి విద్యార్థులే కదా!