ఇంజను లేవకపోతే బావి పూడుస్తామా?

ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం సీమలో, నీళ్లు ఎక్కడ ఆగిపోయాయో కనిపెట్టే విద్య ఎవరికీ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. బావులకు ఆయిలింజన్లు బిగించుకొన్న రోజుల్లో రైతుకు ఒక వింత నిత్యానుభవం. నీళ్లు రావాలంటే ముందు పంపులో నీళ్లు పోయాలి! వట్టి పంపు గాలిని గిరగిర తిప్పుతుందే గాని చుక్క పైకి లాగదు. అప్పటికీ రాకపోతే డీజిలు చూస్తాడు, ఫుట్‌వాల్వు చూస్తాడు. అంతేగాని బావి పూడ్చుకోడు గదా!

కంప్యూటరు మేలుకోవడమూ అచ్చంగా ఇలాంటిదే. తెలుగు పాఠాలు చెప్పుకొనే పంతులుకు ఈ గొడవెందుకని అంటారేమో! ఇది అక్షరాలతో ముడిపడిన గొడవ గనుక నాకూ కాస్త హక్కు వున్నదని మనవి.

డిస్కులోని పెద్ద ప్రోగ్రామును లేపాలంటే ముందొక ప్రోగ్రాము లేచి వుండాలి. అందుకని డిస్కు మొదట్లో, 512 బైట్ల ఇరుకు గదిలో, ఒక బుల్లి ప్రోగ్రామును కూర్చోబెడతారు. అది తనకన్న పెద్దదాన్ని, ఆ పెద్దది అసలుదాన్ని లేపుతాయి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ యూనిక్సు పోలికతో లినక్సు రాశాడు. దాన్ని లేపడానికి వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ తయారుచేసిన పనిముట్టు లైలో. ఇంగ్లీషులో ఎల్, ఐ, ఎల్, ఓ అని నాలుగక్షరాలు. మెట్టు ఎక్కినకొద్దీ ఒక్కో అక్షరం తెరమీద పడుతుంది. ఎక్కడ ఆగితే అక్కడే రోగం.

ఒక్క అక్షరమూ పడకపోతే లైలో బొత్తిగా లేవలేదన్నమాట. ఒక్క ఎల్ పడి పక్కన అంకెలు వస్తే, మొదటి భాగం రెండోదాన్ని తేలేకపోయింది. ఎల్, ఐ దగ్గర ఆగితే రెండోది వచ్చింది గాని నడవలేదు. మూడక్షరాల దగ్గర ఆగితే, నడిచింది గాని ఏది ఎక్కడున్నదో చెప్పే పట్టికను చదవలేకపోయింది. నాలుగూ పడితే లైలో పూర్తిగా లేచినట్టే.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక సహోద్యోగిని కంప్యూటరు ఎల్, ఐ దగ్గర బిగుసుకుపోయింది. ఆవిడ ఐదేళ్లు పల్లెలు తిరిగి సేకరించిన జానపద గేయాలన్నీ అందులోనే వున్నాయి. వేరే ప్రతి లేదు. బాగుచేయ వచ్చిన కుర్రాడు, "అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించేద్దాం, మేడమ్" అన్నాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

ఆవిడ తమ్ముడు ఇంజనీరింగు విద్యార్థి. ఫ్లాపీతో యంత్రాన్ని లేపి చూసి, "పాటలెక్కడికీ పోలేదక్కా! లేపేవాడికి దారి తప్పింది, అంతే" అన్నాడు. సంగతేమిటంటే, లైలోకు ఫైళ్ల పేర్లు తెలియవు. డిస్కులో వాటి చోట్లే గుర్తు. అంతకు ముందు వారం ఎవరో డిస్కు సర్దుతూ దాని రెండో భాగాన్ని వేరే చోటికి మార్చారు. ఇల్లు మారిన సంగతి తెలియని తపాలా బంట్రోతు పాత గుమ్మం ముందే నిలబడ్డాడన్నమాట. లైలో ఆజ్ఞను మరోసారి నడిపితే కొత్త చిరునామా రాసుకొంది, నాలుగక్షరాలూ పడ్డాయి.

2015తో లైలోను మెరుగుపరిచే పని ఆగిపోయింది. ఇప్పుడు లినక్సును ఎక్కువగా గ్రబ్ అనేది లేపుతున్నది. పేరేదైనా, మీ ఇంట్లో యంత్రం లేవని రోజున, తెరమీది ఆఖరి మాటను కాగితంమీద రాసుకోండి. వేరే డిస్కుతో లేపి, మీ రాతలకు ప్రతి తీసుకోండి. చెరిపేయడం అన్నిటికన్నా ఆఖరు పని. లేవనంత మాత్రాన లోపలున్నది పోయినట్టు కాదు.